బోర్లించకూడని సీసా

ఆ ఉదయం ఆ ఇంట్లో నలుగురున్నారు. ఇంటావిడ ఇజ్జా. ఆమె కొడుకు అద్ది, అట్లాస్ కొండలెక్కేవాళ్లకు గైడు. హెడ్‌క్వార్టర్స్ నుంచి వచ్చిన అందగత్తె సొలీన్, ఎర్ర జాకెట్, నల్ల కళ్లద్దాలు. నాలుగో మనిషి వంటింట్లో అంట్లు తోముతున్న తూదా. పదిహేడేళ్లు. తలెత్తి మాట్లాడదు. ఆ పిల్లే ఏజెంట్ నైన్ అని మిగతా ముగ్గురికీ తెలియదు.

తూదాకు చీఫ్ ఇచ్చిన బ్రీఫింగ్ రెండే ముక్కలు. "అద్ది టోపీ మడతలో మైక్రోఫిల్మ్ ఉంది, శత్రు ముఠా పేర్లన్నీ అందులోనే. మధ్యాహ్నంలోగా అతను ప్రాణాలతో కనుమ దాటాలి."

సొలీన్ నిన్న సాయంత్రం వచ్చింది. మంచులో కనుమ దాటి నడిచొచ్చానంది. కోడ్ కూడా తప్పలేదు. "ఈ ఏడు అక్రోట్లు కాశాయా?" అని అద్ది అడిగితే, "ఆకులే కాశాయి" అంది.

ఆనవాయితీ ప్రకారం అతిథి బూట్లలో తడి పీల్చడానికి తూదా బార్లీ గడ్డి కుక్కింది. పొద్దున తీస్తే గడ్డి పొడిగానే ఉంది. ఖరీదైన బూట్లేమో అనుకుంది. అయినా మనసు ఒప్పుకోలేదు.

అద్ది సంచి సర్దుతున్నాడు. బూట్లకు కట్టే ఇనుప ముళ్లు, మంచు గొడ్డలి, రొట్టె.

"ఉన్ని మేజోళ్లు రెండో జతేదిరా?" అంది ఇజ్జా.

"సంచిలో ఉందమ్మా. గొర్రెను కూడా కట్టుకుపొమ్మంటావా?"

"పోయినేడు కాలివేళ్లు నల్లబడినప్పుడు ఈ వేళాకోళం ఏమైందో."

సొలీన్ నవ్వి ఒక స్టీలు సీసా అందించింది. "నీది పాతబడింది, ఇది తీసుకెళ్లు. నిలువుగానే పెట్టు. బోర్లిస్తే కారుతుంది."

తూదా చేతిలో గిన్నె ఆగిపోయింది. ఆ చలికి నీళ్లు పైనుంచి గడ్డకడతాయి. నిలువుగా పెడితే మూత రాదు, కొండ మీద గొంతెండి చావాలి. అందుకే ఇక్కడ అందరూ సీసా బోర్లించే సర్దుతారు. కనుమ దాటి వచ్చిన మనిషికి ఆ సంగతి తెలియదా?

అద్ది వింటేగా. అలవాటు కొద్దీ సీసాను తిప్పబోయాడు. సొలీన్ ముఖం పాలిపోయింది. రెండడుగులు తలుపువైపు వేసింది.

ఆ రెండడుగులూ తూదాకు చాలు. ఒక్క దూకున సీసా లాక్కుని, నిలువుగా పట్టుకునే కిటికీలోంచి లోయలోకి విసిరింది. పేలుడుకి లోయంతా దద్దరిల్లింది. పైకప్పు మంచు జారిపడింది.

సొలీన్ జాకెట్‌లోంచి పిస్టల్ పైకి వచ్చేలోపే ఇజ్జా మరిగే టీ ఆ చేతి మీద కుమ్మరించింది.

"నా కొడుకుకి నీళ్లు నేను పోసుకుంటానులే, తల్లీ."

సొలీన్‌ను తాడుతో కట్టేశాక, అద్ది పాత సీసా బోర్లించి సర్దుకుని బయల్దేరాడు. మధ్యాహ్నానికి వైర్‌లెస్ పలికింది. ఫిల్మ్ చేరింది. ముఠా పేర్లలో మొదటిది సొలీన్‌దే.

అప్పటికి సొలీన్‌ను పట్టుకెళ్లడానికి పట్నం నుంచి ఇన్‌స్పెక్టర్ దిగాడు. తూదా టీ పట్టుకొచ్చింది.

"అయ్యా, ఆ పిల్లే..." అనబోయింది ఇజ్జా.

"ఆగమ్మా. టాప్ సీక్రెట్. ఏజెంట్ నైన్ ఎవరో తేలేదాకా వంటపిల్లలెవరూ లోపలికి రాకూడదు" అని, టీ పళ్లెం మాత్రం అందుకుని, తూదా ముఖం మీదే తలుపు వేశాడు.