దానం బకెట్ల ప్రదక్షిణ

"ముందు తలుపేసేయండి. మావాళ్ళెవరైనా చూస్తే నా పని అయిపోయినట్టే" అంది ఆ అమ్మాయి లోపలికి వస్తూనే.

సొంబట్ లేచి తలుపు వేశాడు. వేసీ వేయగానే గది ఉడికిపోయింది. బ్యాంకాక్‌లో వాన రేపూ మాపూ అంటూ ఊరిస్తున్న రోజులవి. నది మీంచి గాలన్నదే లేదు. కింద నూడుల్స్ కొట్టులోని ఆవిరి మాత్రం మెట్లెక్కి మరీ వస్తోంది.

అమ్మాయి పేరు రంపై. నిండు చూలాలు. కూర్చోమంటే కుర్చీ అంచున కూర్చుని చేతి రుమాలును నలపడం మొదలుపెట్టింది.

"రేపు పొద్దున గుళ్ళో నా చేత ఒట్టు వేయిస్తారటక్కా, దీని మీద." కడుపు మీద చెయ్యి వేసుకుంది. "నేను దొంగతనం చెయ్యలేదు. చెయ్యకపోయినా సరే, పుట్టని బిడ్డ మీద ఒట్టు ఎలా వెయ్యను? వెయ్యనంటే దొంగవి కాబట్టే వెయ్యనంటున్నావు అంటోంది మా అత్తయ్య. ఒట్టు వెయ్యకపోతే ఇంట్లో అడుగుపెట్టొద్దంది."

డిటెక్టివ్ విలాయ్ అప్పటికే లేచి తిరుగుతోంది. యాభై దాటిన పొట్టి మనిషి, ఒకచోట కుదురుగా ఉండడం ఆమెకు చేతకాదు. ఎదుటివాళ్ళు కష్టం చెప్పుకుంటుంటే కాలుగాలిన పిల్లిలా గదంతా తిరుగుతూ వింటుంది. సహాయకుడు సొంబట్ అందుకు పూర్తిగా విరుద్ధం. బస్సు కండక్టరుగా జీవితమంతా నిలబడే గడిపాడు కాబట్టి ఇప్పుడు కుర్చీ దొరికితే వదలడు. మొహం చూసి టికెట్ తీసుకున్నారో లేదో చెప్పేసేవాడట. దొంగనూ అలాగే చెప్పేస్తాడు. కాకపోతే ఒక్కో కేసులో ముగ్గురు నలుగురి పేర్లు చెప్తాడు, అందుకని అప్పుడప్పుడూ నిజం కూడా అవుతుంది. విలాయ్ తెలివి మీద మాత్రం ఆయనకు దేవుడి మీదున్నంత నమ్మకం.

"పోయిందేమిటి?" అడిగింది విలాయ్.

"మావగారి రక్షబిళ్ళ. బుద్ధుడి రూపం అచ్చువేసిన పాత మట్టిబిళ్ళ. ఆయన బతికున్నన్నాళ్ళూ మెడలోంచి తియ్యలేదు. పోయిన ఆదివారం ఆయన సంవత్సరీకం. గుళ్ళో దానం అయ్యాక దాన్ని మా మరిది డేచా మెడలో వెయ్యాలని అత్తయ్య అనుకుంది. బయలుదేరే ముందు పూజగదిలో పెట్టె తెరిస్తే ఖాళీ. పొద్దున ఆ గదిలో దుమ్ము దులిపింది నేనే."

"ఎవరి ఒళ్ళూ వెతకలేదా?"

"గుమ్మంలోనే ఆపేసి అందరినీ వెతికింది. నన్నూ, మా ఆయన్నీ, డేచానీ. నా జడ కూడా విప్పించింది. దొరకలేదు. స్వాములు మధ్యాహ్నం లోపల భోంచేసేయాలి కదా, ఆలస్యమైపోతోందని అలాగే స్వాములకని అత్తయ్య సరుకులు సర్దిన దానం బకెట్ పట్టుకుని గుడికి పోయాం."

విలాయ్ తిరగడం ఆపింది. "బకెట్ ఎవరు పట్టుకున్నారు?"

"మా ఆయనే. బరువు నన్నెత్తనివ్వడుగా."

"మంచివాడే" అన్నాడు సొంబట్. విలాయ్ మళ్ళీ నడక మొదలుపెట్టింది.

*

నది అవతలి ఒడ్డున, కాలువ పక్కన ఉంది ఆ ఇల్లు. అత్త చమ్‌నియన్ వీళ్ళను గుమ్మంలోనే నిలబెట్టింది. పూల బజారులో మాలలు అమ్మే మనిషి, మాటకు పదునెక్కువ.

"మా కోడలు పిలిచిందా మిమ్మల్ని?"

"అవును. దొంగే అయితే డిటెక్టివ్‌ని తనే పిలుచుకుంటుందా?"

"దొంగలకి ఉన్నన్ని తెలివితేటలు మనకుంటే ఇలా పూలమ్ముకుంటూ ఎందుకుంటాం?" అంటూనే పక్కకు తప్పుకుంది. "రండి, చూసుకోండి. ఆయన పోయాక నాకు మిగిలింది అదొక్కటే. ఆ రోజు దానమయ్యాక పెద్దస్వామి చేతికి రక్షదారం కడుతుంటే నాకు ఏడుపు ఆగలేదు." మణికట్టు చూపించింది. తెల్లటి నూలుదారం ఒక వరస, ముడితో ఉంది.

చిన్నకొడుకు డేచా తామరమొగ్గలకు రేకులు మడుస్తూ కూర్చున్నాడు. బనియన్ మీద ఉన్నాడు. చేతికి అతనికీ అలాంటి దారమే ఉంది. "నాకా బిళ్ళ అక్కర్లేదని ముందునుంచీ చెప్తూనే ఉన్నాను. అమ్మ వింటేగా? వదిన తీసుండదు. తీసి ఏం చేసుకుంటుంది?"

"నువ్వూరుకో" అంది తల్లి.

పెద్దకొడుకు తావీ నదిలో ప్రయాణికుల పడవ నడుపుతాడు. డ్యూటీకి బయలుదేరుతూ కనిపించాడు. ఆ ఉక్కలో చేతుల గుండీలు కూడా పెట్టుకున్నాడు. కళ్ళు నిద్ర లేక పీక్కుపోయి ఉన్నాయి. విలాయ్‌ను చూసి చేతులు జోడించగానే చొక్కా అంచు కిందికి జారింది. మణికట్టు మీద తెల్లదారాలు ఒకదాని మీద ఒకటి గుత్తిగా ఉన్నాయి. అతను గబుక్కున చొక్కా లాక్కున్నాడు.

"రేపు మీ ఆవిడ ఒట్టు వేస్తుందట" అంది విలాయ్.

"అమ్మ మాట. నేనేం చెయ్యనక్కా?" అని కిందకి చూస్తూ వెళ్ళిపోయాడు.

వీధిలోకి వచ్చాక సొంబట్ అన్నాడు: "పాపం, భక్తిపరుడు. నాకు డేచా మీదే అనుమానం. అక్కర్లేదు అక్కర్లేదు అనేవాడికే అన్నీ కావాలి."

విలాయ్ రేవు దాకా పరుగులాంటి నడకతో పోయింది, సొంబట్ రొప్పుతూ వెనకపడ్డాడు.

*

రక్షబిళ్ళల బజారు సందులో హెంగ్ తాతను ఎరగనివాళ్ళు లేరు. భూతద్దం కంటికి అతికించుకునే నిద్రలేస్తాడంటారు. చమ్‌నియన్ మొగుడి బిళ్ళ కోసం ఏళ్ళ తరబడి నోరూరించుకున్నవాడు. అది తెలియగానే సొంబట్ డేచాను వదిలేసి ముసలాయన మీద పడ్డాడు.

"తాతా, ఆ బిళ్ళ నీ దగ్గరికి వచ్చిందా?"

"వస్తే నేనిలా ఈగలు తోలుకుంటూ కూర్చుంటానా? నా దగ్గరికే కాదు, ఈ సందులోకే రాలేదు. వస్తే మొత్తం సందు గుప్పుమనేది."

"ఆ ఇంటివాళ్ళెవరైనా ధర కనుక్కున్నారా?" విలాయ్ అడిగింది.

"ధర ఎవరూ అడగలేదమ్మా. పెద్దవాడు మాత్రం సంవత్సరీకం ముందు వచ్చాడు. అది నీళ్ళగండం నుంచి కాపాడుతుందంటారు, నిజమేనా అనడిగాడు. మీ నాన్న వరదల్లో పడవ తిప్పినవాడు, మంచం మీదే పోయాడు, ఇంకేం రుజువు కావాలిరా అన్నాను."

సొంబట్ సందులోంచి బయటికి వస్తూ పొద్దు చూశాడు. ఆ అమ్మాయికి మిగిలింది ఈ పూటే. ఆయన కండక్టరు బుర్రకు ఏమీ అందడం లేదు. ఒట్టు వేసినా వేయకపోయినా ఆమెకు నష్టమే అన్నది ఒక్కటే అందుతోంది, అది మనసును తొలిచేస్తోంది.

*

వాళ్ళు ఆదివారం దానమిచ్చిన వాట్ పాక్‌రాయ్ గుళ్ళో జనం కిటకిటలాడుతున్నారు. "అన్నా, ఒక దానం చేసి రా" అంది విలాయ్. సొంబట్ హుండీలో నోటు వేసి, బల్ల మీద పేర్చి ఉన్న నారింజ రంగు బకెట్లలో ఒకటి తీసుకున్నాడు. అన్నీ ఒక్కలాంటివే. సబ్బులు, కొవ్వొత్తులు, పాలడబ్బాలు, మడిచిన కాషాయ వస్త్రం, పైన పసుపు ప్లాస్టిక్ కాగితం చుట్టి రిబ్బన్ కట్టి ఉన్నాయి. వరసలో కూర్చుని, వంతు రాగానే మోకాళ్ళ మీద జరిగి సమర్పించాడు. చూపు మందగించిన పెద్దస్వామి మంత్రం చదివి, నీళ్ళు చిలకరించి, చేతికి దారం కట్టాడు. ఈలోపే తెల్లబట్టల సన్యాసినమ్మ ఆ బకెట్ తీసుకెళ్ళి మళ్ళీ బల్ల మీద పెట్టేసింది. వెనకున్నావిడ దాన్నే ఎత్తుకుంది. ఎవరికీ వింతేమీ కాదు. గుడికి ఆదాయం, భక్తులకు పుణ్యం, బకెట్‌కు ప్రదక్షిణ.

సొంబట్ తిరిగి వచ్చేసరికి విలాయ్ బల్ల ముందు వంగి రిబ్బన్లు చూస్తోంది. చాలావాటికి పూవులా విప్పారిన ముడులున్నాయి. కొన్నింటికి మాత్రం రేవులో పడవను గుంజకు కట్టే బిగుతు ముడి ఉంది.

"అమ్మా, బయట కొని తెచ్చిన బకెట్లు కూడా ఇందులోనే కలుపుతారా?" అని సన్యాసినమ్మను అడిగింది.

"అబ్బే, అవి కొత్త సరుకు కదా. లోపల కొట్లో పెట్టి జబ్బుపడ్డ స్వాములకు వాడతాం. తిరిగేవన్నీ గుడివే."

విలాయ్ ఆ రోజంతటిలో మొదటిసారి కూర్చుంది. సొంబట్ కంగారుపడి మంచినీళ్ళు తెచ్చాడు.

*

మర్నాడు పొద్దున విగ్రహం ముందు అందరూ చేరారు. హెంగ్ తాతను కూడా విలాయ్ పిలిపించింది. పెద్దస్వామి పీఠం మీద, ఓ పక్కగా సన్యాసినమ్మ కూర్చున్నారు. చమ్‌నియన్ అగరువత్తులు వెలిగించి కోడలి చేతికి ఇవ్వబోయింది.

"ఒక్క నిమిషం పెద్దమ్మా. ఒట్టు తర్వాత వేయిద్దురుగాని, ముందు చేతులు చూద్దాం" అంది విలాయ్. "ఆదివారం మీరంతా ఒక్కసారే దానం చేశారు, ఒక్కో దారం కట్టించుకున్నారు. మీ చేతికొకటి, డేచాకొకటి, రంపైకొకటి. తావీ, నీ చెయ్యి చూపించు తమ్ముడూ."

తావీ కదల్లేదు. డేచాయే అన్న చొక్కా చెయ్యి పైకి లాగాడు. దారాలు చూసి హెంగ్ తాత నాలిక కరుచుకున్నాడు.

"ఆదివారం నుంచీ ఇతను రోజూ ఇక్కడికి వస్తున్నాడు. పుణ్యం కోసమైతే దాచుకోవడం దేనికి? పెట్టె ఖాళీ అని మీరు అరిచినప్పుడు బిళ్ళ ఇతని దగ్గరే ఉంది. ఒళ్ళు వెతుకుతారని తెలిసి, చేతిలో ఉన్న బకెట్ రిబ్బన్ సందులోంచి లోపలికి జారవిడిచాడు. మీరు అన్నీ వెతికారు, స్వామికిచ్చే దానంలో మాత్రం చెయ్యి పెట్టలేదు. ఎవరు పెడతారు? తర్వాత దాన్ని తీసుకోవాలంటే ఒకటే దారి. హుండీలో డబ్బు వెయ్యడం, బకెట్ తీసుకోవడం, వెనక కూర్చుని విప్పి వెతకడం, మళ్ళీ కట్టి సమర్పించడం. చేతి అలవాటు కొద్దీ పడవ ముడి వేశాడు. దొరకనప్పుడల్లా చేతికి మరో దారం."

"మీ ఆవిడకి సుఖంగా కాన్పవ్వాలని వస్తున్నానన్నావే నాయనా" అంది సన్యాసినమ్మ, నమ్మలేనట్టు.

"బయటి బకెట్లు కొట్లోకి పోతాయని ఇతనికి తెలీదు. వాటిని తెప్పించండమ్మా."

కొట్లోంచి వచ్చినవాటిలో తనదేదో చమ్‌నియన్ చూడగానే గుర్తుపట్టింది. మొగుడికి ఇష్టమని పెట్టిన కొబ్బరి బిస్కెట్ల డబ్బా వస్త్రం చాటున, సర్దిన మనిషికే తెలిసేటట్టు కనిపిస్తోంది. స్వామి తలూపాక ఒక్కొక్కటీ తీసింది. వస్త్రం మడతలో ఉంది బిళ్ళ.

"మాకిచ్చింది బకెట్. అది మీదే, తీసుకో" అన్నాడు స్వామి.

"అమ్ముకుందామనుకున్నావురా?" అంది తల్లి.

"లేదమ్మా. వేసుకుందామని." తావీ బిళ్ళ వైపు చూశాడు. "పోయిన వానల్లో నా పక్క పడవ తిరగబడింది. వాడు చెయ్యెత్తడం చూశాను, అందుకోలేకపోయాను. అప్పట్నుంచి పడవెక్కితే కాళ్ళు వణుకుతున్నాయి. మళ్ళీ వానలొస్తున్నాయి. నువ్వు చూస్తే ఒడ్డున పూలు కట్టుకునేవాడికి ఇస్తానన్నావు."

"అడిగితే ఇచ్చేదాన్ని కదరా."

"భయమేస్తోందని పడవ నడిపేవాడు ఎలా చెప్తాడు?"

సొంబట్‌కు అతని మీద జాలేసింది. ఆ జాలి ఎంతోసేపు నిలవలేదు. రంపై గోడ పట్టుకుని మెల్లగా లేచి మొగుడి ఎదురుగా నిలబడింది.

"ఈ దారాలు దాచుకున్నావు కదా, తెంపి పారేస్తే సరిపోయేది. ఎవరికీ తెలిసేది కాదు."

"స్వామి కట్టినవి. తెంపితే కీడు."

"దారం తెంపడానికి భయపడ్డావు. బిడ్డ మీద ఒట్టు వెయ్యమని మీ అమ్మ అన్నప్పుడు పక్కనే ఉన్నావు. అప్పుడు భయం వెయ్యలేదా?"

"నువ్వు తియ్యలేదుగా. నిజం చెప్పేవాళ్ళకి ఏమీ కాదని..."

"నేను తియ్యలేదని నాకు తెలుసు. నీకూ తెలిసి ఊరుకున్నావు."

చమ్‌నియన్ కోడలి చెయ్యి పట్టుకుంది. బిళ్ళను ఆమె మెడ దగ్గరికి తెచ్చింది. రంపై తల వెనక్కి తీసుకుంది. "నాకొద్దత్తయ్యా, ఆయనకే వెయ్యండి. నదిలో ఉండేది ఆయన."

"అయితే ఇంటికి పద తల్లీ."

"వస్తాను. ఆయన ఉంటే రాను."

చమ్‌నియన్ పెద్దకొడుకును తేరిపార చూసింది. తర్వాత పీఠం వైపు తిరిగింది. "స్వామీ, ఈ వానాకాలం వీణ్ణి ఇక్కడే ఉంచుకోండి. గుండు గీయించి ఏం చేయిస్తారో మీ ఇష్టం. నేను నా కోడల్ని తీసుకుని పోతాను." స్వామి సరేనన్నట్టు తలూపాడు.

బయట మొదటి చినుకులు రేకుల మీద టపటపమంటున్నాయి. రంపై గడప దగ్గర చెప్పులు వేసుకోవడానికి వంగలేకపోతుంటే సొంబట్ వాటిని ఆమె కాళ్ళ ముందుకు జరిపాడు. విలాయ్ అప్పటికే వానలో నడుస్తోంది.

లోపల్నుంచి తావీ గబగబా గడప దాకా వచ్చాడు. "బిడ్డ పుడితే నాకు కబురు చేస్తావా? చేస్తానని ఒట్టేసి చెప్పు."

రంపై చెప్పుల్లో కాళ్ళు దూర్చి, అత్త భుజం ఆసరా తీసుకుంది.

"నేను ఒట్లు వెయ్యను" అని మెట్లు దిగింది.