రుద్రమ్మ బొటనవేలు

రక్షిత చెప్పులు బయట విడిచింది కానీ గడప దాటలేదు. తలుపు రెక్క పట్టుకుని అక్కడే నిలబడిపోయింది.

"టీచరమ్మా, మా యమ్మను నేనే కాలువలోకి తోసినానంట. సోమారం స్టేషనుకు రమ్మన్నారు. ఈసారి పోతే మల్లీ ఇంటికి పంపరంట."

"ముందు లోపలికొచ్చి కూచో తల్లీ," అంది రాజలక్ష్మి. "ఉమేశ్, నీళ్లు తెచ్చియ్యప్పా."

బళ్లారి బట్టల బజారు వెనక సందులో రాజలక్ష్మిని ఎరగనివాళ్లు లేరు. ఇరవై ఎనిమిదేళ్లు లెక్కల టీచరు. పరీక్ష హాల్లో చివరి బెంచీ మీద చీటీ మడత విప్పినా ముందు వరస దగ్గర నిలబడి పట్టేసేది. రిటైరయ్యాక ఆ కళ్లకు పని కావాలి కదా, ప్రైవేటు డిటెక్టివ్ అయింది. ఉమేశ్ ఆమె పాత శిష్యుడు, నలభై దాటినవాడు. జెరాక్స్ షాపు భార్యకు అప్పగించి, టీచర్‌ను స్కూటరు మీద తిప్పడమే భాగ్యమనుకుంటాడు. అతని లెక్కలో టీచర్ తప్పు చేయదు. చేసిందంటే ప్రశ్నపత్రంలోనే తప్పుందని అర్థం.

రక్షిత నీళ్లు తాగి చెప్పడం మొదలుపెట్టింది.

"మాది సిరిగేరి. నాయన పోయి తొమ్మిదేండ్లాయ. రోడ్డు పక్కన ఎకరన్నర మడి ఉండాది, అమ్మే సేద్యం చేస్తాండె. నేను ఇంట్లో మిషను కుడతా. ఉగాది నుంచి అమ్మ సరిగా తినదు, మాట్లాడదు. ఒగనాడు గడ్డి కోస్తాంటే కొడవలి తగిలి ఎడమ బొటనేలు అడ్డంగా తెగిపాయ. కట్టు కట్టుకోకుండా, కారే రక్తం చూసుకుంటా సుమ్నే, ఉలకకుండా పలకకుండా కూచునింది టీచరమ్మా. అది చూసి నాకు భయమాయ. తెల్లారే ఈడికి తెచ్చి మంజునాథ్ డాక్టరు మానసిక ఆస్పత్రిలో చేర్చినా. జూన్ నాలుగో తేదీ."

"ఎన్నాళ్లుంది?"

"పదారు దినాలు. అంతా బాగయింది, పరీక్ష కూడా చేసినాం, చచ్చిపోయే ఆలోచనే లేదు, పిల్చకపోండి అన్నారు. ఇరవయ్యో తేదీ ఇంటికొచ్చినాం. మరునాడు మామ వచ్చి, రేషన్ కార్డు పని ఉండాదని అమ్మను సిరుగుప్పకు తీస్కపోయినాడు. ఆ మరునాడు పొద్దున..."

తల్లి రుద్రమ్మ శవమై కాలువలో దొరికిందని చెప్పలేక ఆ పిల్ల మాట అక్కడే ఆపేసింది.

పోలీసులకు కంప్లయింటు ఇచ్చింది ఆ మామే. రుద్రమ్మ తోడబుట్టిన తమ్ముడు రామాంజినేయులు. అక్కకు చావాలన్న తలంపే లేదని ఆస్పత్రి కాగితం చెబుతోంది, ఇంట్లో ఉన్నది తల్లీ కూతుళ్లే, కాబట్టి కూతురే తోసింది. ఇదీ ఆయన వాదన. ఆ కాగితం జెరాక్సు ప్రతి రక్షిత చేతిలో ఉంది. నూట ఎనభై వాక్యాలు, ఒక్కోదాని ఎదురుగా 'అవును', 'కాదు' అని రెండు గళ్లు, గళ్లలో టిక్కులు. చివర వేలిముద్ర, పద్దెనిమిదో తేదీ.

రాజలక్ష్మి కళ్లద్దాలు పెట్టుకుని, జవాబు పత్రం దిద్దినట్టు వేలు పెట్టుకుంటూ చదివింది. ఒకచోట ఆగింది.

"మీ అమ్మకు చదువొచ్చా?"

"లేదు. కన్నడ మాట్లాడ్తాది, అంతే. దేనికైనా వేలిముద్రే."

"ఇరవై రెండో వాక్యం. 'రోజూ పొద్దున్నే పేపరు చదువుతాను.' అవునంట. యాభై ఏడు. 'నా జీవిత భాగస్వామితో నాకు గొడవలు లేవు.' దానికీ అవునే." ఆమె కళ్లద్దాలు తీసింది. "తొమ్మిదేళ్ల కింద పోయినాయనతో గొడవలెట్లా ఉంటాయిలే. పద ఉమేశ్."

స్కూటరెక్కబోతూ వెనక్కి తిరిగి ఇంకో మాట అడిగింది. "రేషన్ కార్డు పని సిరిగేరిలోనే అవుతుంది కదమ్మా. సిరుగుప్ప దాకా ఎందుకు పోయినారు?"

ఆ ప్రశ్న రక్షితకు అప్పటిదాకా తట్టలేదు.

రక్షితను కూడా వెంటబెట్టుకుని ఆస్పత్రి వరండాలో అడుగు పెట్టారు. కురుగోడు నుంచి వచ్చిన ఒక ముసలాయనను అప్పుడే చేర్చుకుంటున్నారు. ఆయన ఎటో చూస్తున్నాడు. వార్డుబాయ్ వెంకటరామి ఆయన బొటనవేలు పట్టుకుని, ఇంకు ప్యాడు మీద నొక్కి, ఆరు కాగితాల మీద టపటపా గుద్దించాడు. పోస్టాఫీసులో ముద్రలు కూడా అంతకన్నా మర్యాదగా వేస్తారు.

డాక్టర్ మంజునాథ్ నవ్వు మొహంతో ఎదురొచ్చాడు. కూతురు పక్కనే ఉంది కాబట్టి ఫైలు చూపించక తప్పలేదు. ఇంకు పెన్ను తీసి, ఎడమ చేత్తో చీటీ రాసి, రికార్డు రూముకు పంపించాడు.

"ఆ పరీక్ష మనసుకు ఎక్స్‌రే లాంటిదమ్మా," అన్నాడు. "మనిషి నోటితో దాచినా అందులో బయటపడుతుంది. ఎంత దిగులుంది, చావు ఆలోచన ఉందా లేదా, అన్నీ."

"మంచిదే. ఎవరు పెట్టారు ఆ పరీక్ష?"

"మా సైకాలజిస్టు ప్రతిభ."

ప్రతిభకు ముప్పై లోపే ఉంటాయి. పిలవగానే చేతిలో బాల్ పెన్నుతో వచ్చి, కూర్చోమన్నా కూర్చోలేదు.

"రుద్రమ్మకు మీరే చదివి వినిపించినారా?" అడిగింది రాజలక్ష్మి.

"అవును మేడమ్. తెలుగులో చెప్పి, ఆమె జవాబు నేనే గుర్తు పెట్టినాను. గంటన్నర పట్టింది."

"ఆమె చెప్పిన జవాబులు ఇవేనా?"

ప్రతిభ డాక్టరు వైపు చూసింది. తర్వాత నేలను చూసింది. "ఫైల్లో ఏముంటే అదే మేడమ్."

ఆ జవాబు వినగానే ఉమేశ్‌కు ఒళ్లు మండింది. ఒక మనిషి చచ్చిపోయింది, ఇంకో మనిషి జైలుకు పోబోతోంది, ఈమెకు 'ఏముంటే అదే'! నోట్లో బెల్లం గడ్డ పెట్టుకున్నట్టు నిలబడింది.

ఫైలు వచ్చింది. రాజలక్ష్మి చేరిక ఫారం, నర్సులు రాసిన రోజువారీ షీట్లు, పరీక్ష పత్రం మూడూ బల్ల మీద పరిచింది. నర్సుల షీటులో ఒక లైను పైకే చదివింది. "'పదకొండో తేదీ. బొటనవేలి గాయం మానింది. కట్టు తీసేశాము.' శ్రద్ధగా చూసుకున్నారు, సంతోషం." డాక్టరు వినయంగా తల వంచాడు.

ఉమేశ్ కాగితాలను ఫోటోలు తీశాడు. జెరాక్సులో టిక్కుల పక్కన మసక మసకగా కనిపించిందేదో యంత్రం అద్దం మీది మురికి అనుకున్నాడు. అసలు కాగితంలో అది ఇంకు మరకే. ప్రతి టిక్కూ కుడివైపుకు అలుక్కుపోయి ఉంది.

"టీచర్, ఇది..."

"చూశానప్పా. ఫోటో బాగా రానీ."

మరునాడు ఆమె ఉమేశ్‌ను వెంటబెట్టుకుని సిరుగుప్పకు పోయింది. రేషన్ ఆఫీసు గడప తొక్కకుండా నేరుగా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు నడిచింది. గంట తర్వాత ఒక నకలు చేత్తో పట్టుకుని బయటికొచ్చింది. తెక్కలకోట దగ్గర టీ తాగుదామని ఆగితే, గ్లాసు ముట్టకుండా పక్కన పెట్టేసింది. "నోరంతా చేదుగా ఉందప్పా," అంది.

సోమవారం పదకొండు గంటలకు డాక్టరు గదిలోనే అందరూ చేరారు. స్టేషనుకు పోవాల్సిన రక్షితను ఇక్కడికి రప్పించింది రాజలక్ష్మే, ఎస్సైని కూడా పిలిపించింది. రామాంజినేయులు తెల్లచొక్కా వేసుకుని, అక్క పోయిన దుఃఖం మొహాన పూసుకుని కూర్చున్నాడు. ప్రతిభ గోడ దగ్గర, వెంకటరామి తలుపు దగ్గర నిలబడ్డారు.

"సాబ్," అంది రాజలక్ష్మి ఎస్సైతో, "ఈ అమ్మాయి మీద మీ దగ్గరున్న సాక్ష్యం ఈ పరీక్ష కాగితం ఒక్కటే. అవునా?"

"అదే అక్కా. సాయాలనే ఆలోచనే లేని మనిషి కాలువలోకి ఎందుకు పోతాది?"

"అయితే ఈ కాగితాన్ని దిద్దుదాం. చదువురాని రుద్రమ్మ రోజూ పేపరు చదువుతుందంట. పోయిన మొగుడితో కలతలు లేవంట. ఇవి ఆమె జవాబులు కావు. ఇంకెవరి కాగితం నుంచో దించినవి. సరైన జవాబు ఎవడైనా దించుతాడు, పట్టుకోలేం. ఎదుటివాడి ఇంటి సంగతులు కూడా దించేసినప్పుడే దొరికిపోతాడు."

"రాసేటప్పుడు పొరపాటు పడుంటాది లేమ్మా," అన్నాడు డాక్టరు. "వేలిముద్ర ఆమెదే కదా?"

"ఆమెదే. అదే చెప్పబోతున్నా." ఆమె మూడు ఫోటోలు వరసగా పెట్టింది. "ఇది చేరిన రోజు, నాలుగో తేదీ ముద్ర. మధ్యలో అడ్డంగా తెల్ల గీత ఉంది, కొడవలి గాయం. ఇది పరీక్ష కాగితం మీది ముద్ర, పద్దెనిమిదో తేదీ అని రాశారు. ఇందులోనూ అదే గీత, అంతే వెడల్పు. కానీ గాయం పదకొండుకే మానిందని మీ నర్సులే రాశారు. మానిన వేలు మళ్లీ ఎట్లా తెగింది డాక్టర్‌గారూ?"

రాజలక్ష్మి తలుపు వైపు తిరిగింది.

"వెంకటరామీ, ముద్రలు ఎప్పుడు వేయిస్తావప్పా?"

"చేరిన దినమే అక్కా. అన్ని ఖాళీ ఫారాల మీదా ఒగేసారి ఏయిస్తాం. మల్లీ మల్లీ ఇంకు యాడ పూస్తాం? ఆయమ్మకు రక్తం కారుతాన్నా గుడ్డ ఇప్పి ఏయించినా. అట్లే చేయమన్నారు."

"ఛీ!" అన్నాడు ఎస్సై. ఉమేశ్ మనసులో కూడా అదే మాట ఉంది, కాస్త పెద్దదిగా.

"ఖాళీ కాగితం మీద ముద్ర ముందే ఉంది," అంది రాజలక్ష్మి. "టిక్కులు తర్వాత పడ్డాయి. ఎవరు వేశారు? ప్రతిభ బాల్ పెన్ను వాడుతుంది, ఇవి ఇంకు పెన్నువి. ఇంకు ప్రతి గడిలోనూ కుడివైపుకే అలుక్కుంది. ఎడమ చేత్తో రాసేవాళ్ల అరచెయ్యి, తాము రాసిన తడి మీదే కుడివైపుకు జరుగుతుంది. ముప్పై ఏళ్లకు దగ్గరగా అలాంటి పేపర్లు దిద్దాను."

ఎవరూ ఏమీ అనకముందే డాక్టరు ఎడమ చెయ్యి బల్ల కిందికి పోయింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడం అంటే ఏమిటో ఉమేశ్ ఆరోజు కళ్లారా చూశాడు.

"నాకేం అవసరం?" అన్నాడు డాక్టరు.

రాజలక్ష్మి సిరుగుప్ప నకలు తీసింది. "ఇరవై ఒకటో తేదీన, రేషన్ కార్డు పని అని చెప్పి రామాంజినేయులు వాళ్లక్కను తీసుకుపోయింది రిజిస్ట్రారు దగ్గరికి. సిరిగేరి రోడ్డు పక్క ఎకరన్నర అమ్మకం. మతి సరిగా లేని మనిషి వేలిముద్ర చెల్లదు కాబట్టి, మనసు బాగుందన్న కాగితం జత చేశారు. ఆ కాగితమే ఇది. ఇక ఈ అమ్మకం పత్రం మీది ముద్ర చూడండి సాబ్, గాయం వెడల్పు గీత లేదు, సన్నటి మచ్చ ఉంది. అదీ మానిన వేలు. ఇక కొన్నదెవరో చదవండి."

ఎస్సై చదివాడు. అక్కడ డాక్టర్ మంజునాథ్ భార్య పేరుంది. కొత్త ఆస్పత్రికి స్థలమట.

"నీయమ్మా, దొంగనాయాలా!" అని రక్షిత మామ మీదికి దూకబోయింది. ఉమేశ్ పట్టుకున్నాడు.

"పొలం ఎట్లా పోయిందని రేపు కూతురు అడుగుతుంది కదా," అంది రాజలక్ష్మి. "అడిగే నోరు జైల్లో ఉంటే సరి. అందుకే కంప్లయింటు. శవాల మీద పేలాలు ఏరుకునేవాళ్లని వినడమే, ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. సాబ్, రుద్రమ్మను ఎవరూ తోయలేదు. ఆమెకు జబ్బుంది, అది తగ్గలేదు. తగ్గలేదని తెలిసీ ఇంటికి పంపారు."

"తెలిసీ అని ఎట్లంటావమ్మా?" అన్నాడు రామాంజినేయులు, తడబడుతూ. "ఆ సంగతి మాకేం తెలుసు?"

"ప్రతిభకు తెలుసు. గంటన్నర కూర్చున్నానని చెప్పింది. అది అబద్ధం కాదు. మరి ఆ కాగితం ఏదమ్మా?"

ప్రతిభ గోడకు ఆనుకుని అట్లాగే కిందికి కూర్చుండిపోయింది. "సార్ చించేసినారు," అంది. "నేను ముందే ఫోటో తీసుకున్నా." ఫోను తెరిచింది. అందులోని పత్రంలో బాల్ పెన్ను టిక్కులు, కింద ఆమె దస్తూరీతో నాలుగు లైన్లు. ఇంటికి పంపవద్దు, ఒంటరిగా వదలవద్దు అని ఉంది.

"చావాలనిపిస్తుందా అన్న వాక్యం చదివితే, ఆయమ్మ తలుపు మూసి ఉందా అని చూసింది," అంది ప్రతిభ. "తర్వాత చెప్పింది. 'అనిపిస్తాది మేడమ్, దినామూ అనిపిస్తాది. మా పాపకు మాత్రం చెప్పొద్దు. దానికి నిద్ర పట్టదు' అని."

రక్షిత ప్రతిభ మీంచి చూపు తిప్పుకోలేదు.

ప్రతిభ ఏడుస్తోంది. "ఉద్యోగం పోతాదని నోరు మూసుకున్నా మేడమ్, నన్ను..."

"రాయడం సరిగ్గానే రాశావు," అంది రాజలక్ష్మి, ఆ కన్నీళ్లను చూడకుండా. "రాసి జేబులో పెట్టుకున్నావు. నిన్ను క్షమించడం నా పని కాదు."

ఎస్సై డాక్టరునూ రామాంజినేయులునూ జీపెక్కించడానికి లేచాడు. ఇక స్టేషనుకు రావాల్సిన పని లేదని రక్షితకు చెప్పాడు. ఆ పిల్ల నేరుగా వెళ్లి ప్రతిభ ఎదురుగా నేల మీద చతికిలబడింది.

"మేడమ్, ఇంటోళ్లకు చెప్పొద్దని ఇంకెవరన్నా అన్నారా నీతో? వాళ్లనూ ఇట్లే పంపేసినారా?"

ప్రతిభ ఫోనులో వెతికింది. "ఇద్దరు," అంది. "ఒకాయనది తెక్కలకోట. ఇంకొకామె ఈడే, బళ్లారి."

"నంబర్లు ఉండాయా?"

"ఉన్నాయి."

"అయితే చెయ్యి. నా ముందరే చెయ్యి. అవతల ఎవరెత్తినా ఉన్నదున్నట్టు చెప్పు. నిద్ర పట్టకపోతే పట్టకపోనీ."

ప్రతిభ కళ్లు తుడుచుకుని మొదటి నంబరు నొక్కింది. స్పీకరు పెట్టమని రక్షిత సైగ చేసింది. అవతల ఫోను మోగుతోంది. రక్షిత ఫోనుకు ఇంకా దగ్గరగా జరిగి కూర్చుంది.