పడుకుందా?

రాయచోటి దాటి కొండల దిక్కు పోతే, బెంగళూరాయన ఎవరో కట్టించి వదిలేసిపోయిన గుర్రాల ఫారం ఒకటుంది. పొద్దుగూకాక ఆ దారిన ఎవరూ పోరు. పోయినవాళ్లను చీకట్లోంచి ఒక గొంతు అడుగుతుందట — "పడుకుందా?"

అంతే. రెండో మాట ఉందో లేదో... వినడానికి నిలబడ్డవాడు లేడు.

అక్కడ గుర్రాలు చూసుకునే ప్రేమయ్య ఎనిమిదేళ్ల కిందట ఒక తెల్లవారుజామున చచ్చిపడి ఉన్నాడు. పక్కనే గుర్రమూ చచ్చిపడి ఉంది. ఎట్లా పోయారో తెలియదు. తెలియకపోతే మనవాళ్లు ఊరుకుంటారా? పాము అన్నారు, చేతబడి అన్నారు. ఆ ప్రశ్న మాత్రం ఎవరికీ అర్థం కాలేదు.

ఆ పక్క పల్లెలో ఉండే ఇమాం బాషా కూడా ఆ దారికి భయపడేవాడే. కానీ ఆ రాత్రి అతని పెళ్లిగుర్రం చాందినికి కడుపునొప్పి వచ్చింది. ఒళ్లంతా చెమట. కాలితో నేల తవ్వుతోంది, కిందపడి పొర్లబోతోంది.

డాక్టరు ఫోన్లో ఒకటే చెప్పాడు. "తెల్లారేసరికి వస్తా. అంతవరకు నడిపిస్తానే ఉండు. పడుకోనిచ్చినావంటే పేగు మెలిపడుతుంది, ఇంక దక్కదు."

పల్లె చుట్టూ రాళ్లే. మెత్తటి దారి ఒక్కటే — ఫారం ముందరిది.

"ఆ పక్కకు పోవద్దయ్యా..." గుసగుసగా అంది భార్య ఫాతిమా బీ.

"ఇది పోతే మనమేం తినాల?" అని పగ్గం పట్టుకొని బయల్దేరాడు.

నడిపించాడు. దారి చివరిదాకా పోవడం, తిరిగి రావడం. ఒంటిగంట అయింది... రెండు అయింది... కాళ్లు పీకుతున్నాయి, రెప్పలు వాలిపోతున్నాయి. ఫారం గేటు దగ్గర చాందిని ముందుకాళ్లు మడిచింది —

"పడుకుందా?"

చెవి పక్కనే!

ఇమాం బాషాకు పై ప్రాణాలు పైనే పోయాయి. పగ్గం పారేసి పరుగెత్తబోయాడు. కానీ వదిలితే గుర్రం పడుకుంటుంది... ఆ మాట మనసులో అనుకోగానే, ఆ గొంతు అడిగేది గుర్రం గురించేనని తట్టింది. ప్రేమయ్య కూడా ఇట్లాగే నడిపించి ఉంటాడు. ఇట్లాగే అలిసి, ఒక్క క్షణం కన్ను మూసి ఉంటాడు; గుర్రం పడుకొని, అతని మీదికే పొర్లి ఉంటుంది.

పగ్గం బలంగా లాగాడు. చాందిని లేచింది.

"లేదు ప్రేమయ్యన్నా..." అన్నాడు. "నిలబడుకోనే ఉండాది."

వెనక అడుగులు మొదలయ్యాయి. ఒక మనిషివి... ఒక గుర్రానివి.

ఇమాం బాషా వెనక్కి తిరగలేదు. అతని కన్ను వాలినప్పుడల్లా ఆ గొంతు అడిగేది. ఉలిక్కిపడి "లేదన్నా" అనేవాడు. తెల్లవార్లూ అదే ప్రశ్న, అదే జవాబు.

తూర్పు తెల్లబడుతుండగా చాందిని తోకెత్తి లద్దె వేసింది. పేగు కదిలింది! ఆ లద్దె చూసి ఇమాం బాషా చిన్నపిల్లోడిలా ఏడ్చేశాడు.

"గండం గడిచిందన్నా! ఇంక పడుకున్యా ఏం కాదు."

వెనక అడుగులు ఆగాయి. పెద్ద నిట్టూర్పు... తర్వాత ఫారం కొట్టంలో, ఎండుగడ్డి మీద బరువైనదేదో మెల్లగా ఒరిగిన చప్పుడు.

అప్పుడు తిరిగి చూశాడు. కొట్టానికి కప్పు లేదు. లోపల గడ్డిపోచ కూడా లేదు. ఉన్నవి మొండిగోడలే.

చాందిని చెవులు నిక్కించి అటే చూస్తూ చిన్నగా సకిలించింది.

లోపలినుంచి ఇంకో గుర్రం బదులు పలికింది.