అల్లుడి అలక

ఆ ఉదయం కూడా కాకినాడలో అందరి చెవుల్లోనూ మాటజల్లెడలు నీలంగా మిణుకుమంటున్నాయి. నూకరత్నం మామ్మ మాత్రం చెవి దురద పెడుతోందని తనది తీసి గూట్లో పడేసి, పెసరట్లు పోస్తోంది.

జల్లెడ చెడ్డదని ఆవిడ ఏనాడూ అనలేదు. మగవాణ్ణి ప్రేమించిన మగవాణ్ణి తన చిన్నప్పుడు బస్సుల్లో, సినిమాల్లో ఏమేమి అనేవారో ఆవిడకు గుర్తే. ఒక్కో మాటా ఒక్కో రాయి. జల్లెడ వచ్చాక ఎవరేమన్నా వినేవాళ్ల చెవిలో ‘గౌరవ సహచరుడు’ అనే పడుతుంది. విని విని జనం మనసులూ మెత్తబడ్డాయి. అందుకే కదా, మనవడు సుధన్వ జోయెల్‌ని పెళ్లాడి దర్జాగా ఇంటికి తెచ్చుకున్నాడు!

ఆ జోయెలే ఇప్పుడు సంచి సర్దుకుని గుమ్మంలో చెప్పులు వేసుకుంటున్నాడు.

“వెళ్లొస్తానండీ మామ్మగారూ. సుధన్వ కూడా సాయంత్రం నా దగ్గరికి వచ్చేస్తాడు. వేరే ఇల్లు చూసుకుంటాం. ఇన్నేళ్లయినా మామయ్యకి నేను గౌరవ సహచరుణ్ణేనండీ. తిట్టినా బాగుండేది.”

పెరట్లోంచి సుధన్వ తండ్రి వీర్రాజు వచ్చాడు. “ఏవయ్యా అల్లుడూ! టిఫిన్ తినకుండా ఎక్కడికి?”

మామ్మ చేతిలో అట్లకాడ ఆగిపోయింది. జోయెల్ ముఖం ఇంకా ముడుచుకుంది.

“విన్నారా మామ్మగారూ? మళ్లీ అదే పిలుపు. వెళ్తాను మామయ్యా.”

“చూశావా అమ్మా?” వీర్రాజు మూతి బిగించాడు. “కొడుకు మొగుణ్ణి ఏమనాలా అని వారం రోజులు బుర్ర బద్దలు కొట్టుకుని, నోరారా అల్లుడూ అని పిలుస్తున్నాను. తనేమో నన్ను గౌరవ బంధువంటాడు!”

ఇలాంటి జంటలకు వరసలు కలిపితే వెక్కిరింపవుతుందని, జల్లెడ చేసినవాళ్లు అల్లుడు, మామయ్య లాంటి వరసలనూ ఆపేశారన్నమాట. రాళ్లు ఏరబోయి బియ్యం పారబోశారు.

“ఓరి మీ చెవులు బంగారంగానూ!” మామ్మ ఇద్దరి జల్లెడలూ లాగేసింది. జోయెల్‌ని రెక్క పట్టి మంచమ్మీద కూర్చోబెట్టింది. “అల్లుడు అలిగాడ్రా వీర్రాజూ. అలకపాన్పు ఎక్కాడు. బతిమాలుకో. మా రోజుల్లో అయితే వాచీ ఇచ్చేవారు.”

వీర్రాజు వచ్చి మంచం పక్కన చతికిలబడ్డాడు.

“ఏం కావాలి అల్లుడూ?”

జోయెల్ తలెత్తి చూశాడు. వంగి, ఒక్కో చెప్పూ విప్పి మంచం కిందకి తోశాడు.

“ఇంకోసారి పిలవండి, మామయ్యా.”