వేరుకాపురం వంతెన

"బాంబు వంతెన మీద పేలుతుంది బల్లీ. మందుల లారీ పక్కకి రాగానే," అన్నాడు చీఫ్. అని, టీ ఒక గుక్క తాగాడు. కప్పు కింద పెట్టకుండానే టేబుల్ మీదికి ఒరిగిపోయాడు. బ్రీఫింగ్ అక్కడితో సరి.

బల్లి తన కప్పు వంక చూసుకున్నాడు. ఇంకా తాగలేదు. కప్పుని వేలితో దూరంగా తోసి, కుర్చీతో సహా గోడ దాకా జరిగాడు. డిపార్ట్‌మెంట్‌లో అతనంత పిరికి ఏజెంట్ మరొకడు లేడు. ఎంత ఎత్తు గోడనైనా పాకి పారిపోగలడు కనుకే ఆ పేరు.

సంగతేమిటంటే, దేశం సమాఖ్య నుంచి విడిపోయి వేరుకాపురం పెట్టింది. బాణసంచా మూణ్ణాళ్ల ముచ్చటే. నిన్నటిదాకా గాలిలా నది దాటిన ప్రతి లారీకీ ఇప్పుడు పత్రం, సీలు, సుంకం, తనిఖీ. నున్నగా గడ్డం గీసుకుని వరుసలో చేరిన డ్రైవరు గేటు దాటేసరికి సన్యాసిలా తయారవుతున్నాడు. ఉల్లిపాయలు లారీలోనే మొలకలేస్తున్నాయి. ఇదే సందు అనుకుని ఒక విదేశీ ముఠా దేశంలో ఉన్న ఇన్సులిన్ అంతా కొని గోదాముల్లో దాచింది. ఇవాళ వచ్చే లారీ పేలి, వంతెన కూలిందా, ఇక వాళ్లు చెప్పిందే ధర.

ఫోన్ మోగింది. చెల్లెలు.

"అన్నయ్యా, ఫ్రిజ్‌లో ఆఖరి సీసా. షాపులన్నీ తిరిగాను, ఎక్కడా లేదు. ఇవాళ లారీ వస్తోందట, నిజమేనా?"

"వస్తుందమ్మా."

"నీ గొంతేంటి అలా ఉంది?"

"టీ వేడిగా ఉంది," అన్నాడు బల్లి, చీఫ్ శవాన్ని చూస్తూ.

మధ్యాహ్నానికి నది అవతలికి వెళ్లి, అతికించిన మీసంతో, మాసిన చొక్కాతో మందుల లారీ నడుపుకుంటూ వంతెన ఎక్కాడు. జేబులో ఒక పెన్ను. బాంబు సిగ్నల్‌ని జామ్ చేస్తుందట, రాయడానికీ పనికొస్తుందట. తీరా చూస్తే రెండూ చెయ్యదు.

వంతెన మీద రెండు వరుసల్లో లారీలు. మధ్యలోంచి హైహీల్స్ టకటకలాడించుకుంటూ వచ్చింది లిప్‌స్టిక్. కస్టమ్స్ యూనిఫాంలో ఉన్న మన ఏజెంటు. అందం చూస్తే ఎర్రలైటు కూడా పచ్చగా మారాల్సిందే.

"మీ బండికి దగ్గా?" అంది, కోడ్ ప్రకారం.

"లేదండీ, తుమ్ములు."

"బాంబు నీ ముందున్న పూల లారీలో ఉంది. పరుగెత్తు."

బల్లి పరుగెత్తాడు. గుండె చప్పుడు విని, ఎవరో ఇంజిన్ స్టార్ట్ చేశారనుకుని పక్క లారీ వాళ్లు లేచి కూర్చున్నారు. పూల లారీ డ్రైవరు మాత్రం కాళ్లు బయటికి పెట్టి గురకపెడుతున్నాడు. అలికిడికి ఒక కన్ను తెరిచాడు.

"ఏం తమ్ముడూ, కదిలిందా లైను?"

"లేదు బాబాయ్."

"కదిలితే నా బండీ కాస్త ముందుకి లాగెయ్. తాళంచెవి దాంట్లోనే ఉంది."

ఆ వరుసలో అదే ఆచారం. మేలుకున్నవాడు నిద్రపోయేవాళ్ల బళ్లు కూడా లాగాలి. అందుకే తాళంచెవి ఎవరూ తీయరు. బాంబు పెట్టినవాడు బండిని ఇలా ఊరందరికీ వదిలేసి నిద్రపోతాడా? లిప్‌స్టిక్ అబద్ధమాడింది. పొద్దున చీఫ్‌కి టీ పంపిందీ ఆవిడేనని అప్పుడు గుర్తొచ్చింది బల్లికి.

అంతలో వెనక నుంచి కేకలు. మందుల లారీ పక్కనే ఆగిన పైపుల లారీ చుట్టూ ఒక లేడీ డ్రైవరు తిరుగుతోంది.

"తలుపేసి తాళం జేబులో వేసుకుని పోయాడు వెధవ! వంతెనేమన్నా వాడి అత్తగారిచ్చిందా?"

బల్లి వెళ్లి టార్పాలిన్ ఎత్తాడు. పైపుల మధ్య ఎర్రలైటు టుకుటుకుమంటోంది. క్షణక్షణానికీ వేగం పెరుగుతోంది.

కాళ్లు పారిపొమ్మన్నాయి. ఆ కాళ్లు ఎప్పుడూ చెప్పేది అదే. కానీ ఫ్రిజ్‌లో ఆఖరి సీసా ఒక్కటే కళ్ల ముందు నిలబడింది. రాయి తీసి అద్దం పగలగొట్టాడు. లోపలికి దూరి గేరు న్యూట్రల్‌లో వేశాడు, హ్యాండ్‌బ్రేకు వదిలాడు. పాతబండి, స్టీరింగుకు తాళం లేదు. నదివైపు తిప్పాడు.

"బాంబు! అక్కా, తోయండి!"

"ఓరి నాయనో! పరుగెత్తండ్రా!" అన్నాడెవరో.

"ఎక్కడికిరా పరుగు? అటూ లారీలే, ఇటూ లారీలే!" అరిచింది ఆవిడ. "తోయండి!"

తోశారు. నిద్రమొహాల వాళ్లు, సగం గడ్డాల వాళ్లు, ఏడుస్తున్నవాళ్లు, తిడుతున్నవాళ్లు అందరూ తోశారు. అక్కడ విరిగిన రెయిలింగు ఏ దేశం బాగుచేయించాలో తేలక రెండు ప్రభుత్వాలూ తాడు కట్టి ఊరుకున్నాయి. ఆ తాడు తెంచుకుని, బల్లి వంతెన మీదికి దూకీ దూకకముందే, లారీ గాల్లోకి లేచింది. నీళ్లకు జానెడు ఎత్తున పేలింది. నది లేచి వచ్చి వంతెనకి తలంటుపోసింది.

లిప్‌స్టిక్, ఆ పైపుల లారీ డ్రైవరు ఒకే కారులో పారిపోబోయి అదే వరుసలో ఇరుక్కుపోయారు. డ్రైవర్లు అమ్మగారిని మర్యాదగా కిందికి దింపారు. అయ్యగారిని మాత్రం కాలర్ పట్టుకుని.

మందుల లారీ గేటు దాటుతుండగా, ఇంకా పళ్లు టకటకలాడుతున్న బల్లిని కస్టమ్స్ ఆఫీసరు ఆపాడు.

"పేలిన ముక్కలు నదికి అవతలి సగంలో పడ్డాయి. అంటే ఎగుమతి అయినట్టే. సుంకం ఎవరు కడతారు?"

బల్లి ఊడిపోయిన మీసాన్ని జేబులో పెట్టుకున్నాడు.

"దిగుమతి చేసుకున్నది వాళ్లు కదండీ," అన్నాడు. "వాళ్లనే అడగండి."