సిరా అంటని నాలుక

సోమవారం ఉదయం కోల్డ్ రూమ్ తలుపు తీసేసరికి వైన్ పెట్టెల మధ్య ఖాజా చచ్చిపడి ఉన్నాడు.

మల్కాపురం దగ్గర గోడౌన్ అది. ఓడల్నుంచి దిగిన విదేశీ సరుకు సుంకం కట్టేదాకా అక్కడే ఉంటుంది. ఖాజా స్టోర్‌కీపర్. చొక్కా నిండా వైన్ వాసన. పక్కన సగం ఖాళీ అయిన సీసా. దక్షిణ ఫ్రాన్స్ రెడ్ వైన్. గ్రెనాష్, సిరా ద్రాక్షల మిశ్రమం.

"తాగి పడిపోయాడండి. అసలే ఆస్తమా మనిషి," అన్నాడు మేనేజర్ గురునాథరావు. "శనివారం లోపలున్నాడని తెలీక గడియ పెట్టేశామండి."

"లోపల్నుంచి తెరుచుకోదా?" ఎస్సై గౌరీశ్వరి అడిగింది.

"ఎర్ర నాబ్ ఉందండి. శుక్రవారం నేనే చెక్ చేశాను. నెడితే చాలు. మత్తులో నెట్టలేకపోయుంటాడు."

"ఈరోజు ముందు తెరిచిందెవరు?"

"నేనేనండి."

"పక్కనెవరున్నారు?"

"ఎవరూ లేరండి."

"శనివారం?"

"సరుకు కొనే హోటల్ తరఫున చూడ్డానికి సాయిశంకర్ వచ్చాడండి. గడియ పెట్టి ఇద్దరం కలిసే వెళ్లాం."

గేటు దగ్గర ఖాజా భార్య చాంద్ సుల్తానా గౌరీశ్వరి చెయ్యి పట్టుకుంది.

"మా ఆయన సుక్క ముట్టడమ్మా. తాగి సచ్చినోడి జనాజాకి, మట్టియ్యడానికి రామంటన్నారు మావోళ్లు. నానేటి సెప్పినా ఇనరు."

 చచ్చినవాడి వెంట ఈమె కూడా ఓ గదిలో ఇరుక్కుపోయినట్టు అనిపించింది గౌరీశ్వరికి.

మార్చురీలో డాక్టర్ శవం నోరు తెరిచి చూపించాడు. తర్వాత చేతులు. వేళ్ల కణుపులు కమిలిపోయి ఉన్నాయి.

ఆమె గోడౌన్‌కి తిరిగొచ్చి నాబ్ నొక్కి చూసింది. ఎవరికీ ఏమీ చెప్పలేదు. గురునాథరావునీ సాయిశంకర్‌నీ కోల్డ్ రూమ్‌లోకి పిలిచింది.

"వీర్రాజూ, గడియ పెట్టు. లైటు ఆర్పు."

కానిస్టేబుల్ వీర్రాజు బయట గడియ బిగించాడు. చీకటి. నాలుగు వైపులా ఇనుము. ఫోన్‌కి సిగ్నల్ లేదు. గౌరీశ్వరికి తన ఊపిరి తనకే వినిపించింది. ఖాజా ఇక్కడే తలుపు బాదుతూ...

"ఏంటి మేడమ్ ఇది?" సాయిశంకర్ చీకట్లో తలుపు తడిమాడు. "ఆ నాబ్ ఎక్కడ?"

"అది పనిచెయ్యదు!" గురునాథరావు కేక పెట్టాడు. "బయట్నుంచే తియ్యాలి! తియ్యమనండి!"



గౌరీశ్వరి లాఠీతో తలుపు మీద కొట్టింది. వీర్రాజు తలుపు తీశాడు, వెలుగు వచ్చింది.

"శుక్రవారం బాగుందన్న నాబ్ పనిచెయ్యదని ఎలా తెలుసు? దాని లోపలి పిన్ తీసిందెవరు?"

గురునాథరావు గుమ్మం వైపు కదిలితే వీర్రాజు అడ్డం నిలబడ్డాడు. 

"సిరా ద్రాక్ష పేరుకు తగ్గట్టే సిరాలా అంటుకుంటుంది. అరసీసా తాగితే నాలుకంతా రంగే. ఖాజా నాలుక తెల్లగా ఉంది. శవం మింగదు కదా! అందుకే ఈ ఉదయం ఒంటరిగా తలుపు తీసి చొక్కా మీద పోశావు. అతను తెలివిలోనే ఉన్నాడు. చేతులు కమిలేదాకా తలుపు బాదాడు."

గురునాథరావు పెట్టెల మీద కూలబడ్డాడు.

"ఫ్రెంచ్ సరుకు బయట అమ్మేసి, సీసాల్లో చవక వైన్ నింపుతున్నానండి. ఖాజా చూసేశాడు. సోమవారం కస్టమ్స్‌కి చెప్పేస్తానన్నాడండి."

వీర్రాజు అతనికి బేడీలు వేశాడు.

సంగతి విని చాంద్ సుల్తానా ఏడవలేదు.

"నాకు సెప్తే ఏటమ్మా? మా ఈదిలో సెప్పండి. ఈ డ్రెస్‌తోనే రండి."

జీపు పాత ఊళ్లో ఖాజా వాళ్ల సందులో ఆగింది. గుమ్మాల్లో మగవాళ్లు నిలబడి చూస్తున్నారు. గౌరీశ్వరి గొంతెత్తింది.

"ఖాజా తాగలేదు. దొంగతనం బయటపెడతానన్నందుకు చంపేశారు."

 ఒక ముసలాయన టోపీ సర్దుకుని ఖాజా ఇంటి వైపు నడిచాడు. వెనకే ఇంకొకరు. ఆ వెనక సందంతా.