కత్తెరమ్మ గీసిన ఏడు గీతలు

ఆ హైస్కూలు హాల్లో స్టేజీ ముందంచున, నేలలోకి ఓ గూడు ఉంది. మనిషి ఒక్కడు దిగి కూర్చునేంత. పిల్లలు డైలాగు మర్చిపోతే అందులోంచి మాట అందించేవాళ్లు. దాని మూతకి మేకులు కొట్టేసి పదకొండేళ్లయింది. అయినా ఊడ్చే ఆయా చీపురు కూడా అటు పోనివ్వదు... ముప్పై ఏళ్లు అందులో కూర్చున్న నాటకాల మాస్టారు, ఓ రాత్రి అందులోనే పోయాడట. తెర దించేసి, లైట్లార్పేసి, అందరూ ఇళ్లకెళ్లిపోయారు. తెల్లారాక గానీ ఎవరికీ తెలీలేదు.

ఇదంతా మా మేనత్త చెప్పింది. స్కూలు నాటకాలకి మార్కులు వేస్తుందావిడ. వేయడమేమిటి, కోస్తుంది! పిల్లలు చాటుగా కత్తెరమ్మ అంటారు. దెయ్యాల మాటెత్తితే "పోరా, నీ మొహం" అనే మనిషి. అందుకే ఈ సంగతి ఆవిడ నోట విన్నప్పుడు నాకు నవ్వు రాలేదు.

ఆ సాయంత్రం ఆడింది పాత దెయ్యం కథే. చచ్చిపోయిన ఇంటి యజమానురాలు కొవ్వొత్తి పట్టుకుని మేడ దిగివస్తుంది. ఆ వేషం వేసింది సెట్టు బిగించే కార్పెంటర్ కూతురు. పోయినేడు ఇదే స్టేజీ మీద డైలాగు మర్చిపోతే, హాలంతా గొల్లున నవ్వింది. పిల్ల ఏడుస్తూ పారిపోయింది. "ఈసారి కూడా పరువు పోతే జన్మలో స్టేజీ ఎక్కను" అని ఇంట్లో చెప్పేసిందట.

పోటీకి నియమం ఒకటుంది. మాట అందించడం మూడుసార్ల దాకా ఫర్వాలేదు. నాలుగోసారి వినపడిందా— నాటకం పోటీలోంచి అవుట్.

అత్త మొదటి వరసలో, కాయితం ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

పిల్ల మెట్లు దిగింది. ఆగింది. పెదాలు కదులుతున్నాయి... మాట లేదు.

నేలలోంచి సన్నగా— "ఈ ఇల్లు నాది..."

పిల్ల టక్కున అందుకుంది. అత్త ఓ గీత గీసింది.

కాసేపటికి ఇంకోటి. ఇంకోటి. ఆ తర్వాత గొంతు మారినట్టనిపించింది... దగ్గు జీర ఉన్న ముసలి గొంతు. నాలుగు. ఐదు. తెర పడేసరికి— ఏడు.

పిల్ల మాత్రం అదరగొట్టేసింది. చప్పట్లే చప్పట్లు. "అంత బాగా చేసిన పిల్లని నా చేత్తో పోటీలోంచి కొట్టేయాలి కదరా" అంది అత్త.

విసురుగా తెర వెనక్కి వెళ్లి డ్రామా టీచర్ని నిలదీసింది. ఆయన బిత్తరపోయాడు.

"మేం ఎవర్నీ పెట్టలేదు మేడం! ఆ గూటికి మేకులు కొట్టేసున్నాయి..."

అంతలో తెర అవతల కిర్రుమంది.

ఇద్దరూ తెర పక్కకి లాగారు. గూటి మూత లేస్తోంది... కింద నుంచి ఓ చెయ్యి. అత్తకి పై ప్రాణాలు పైనే పోయాయి.

బూజు దులుపుకుంటూ పైకొచ్చినవాడు కార్పెంటర్. సెట్టు బిగించడానికొచ్చి, పొద్దున్నే మేకులు పీకేశాడట.

"తప్పు నాదేనమ్మా. పిల్ల మళ్లీ ఆగిపోతుందేమోనని... కానీ మూడుసార్లే అందించాను. ఒట్టు."

"నేను ఏడు విన్నాను."

అతను గూటి వైపు చూశాడు. గొంతు తగ్గించేశాడు.

"తర్వాతవి నాకూ గుర్తు రాలేదమ్మా... నా వెనకాల ఉన్నాయన చెప్పాడు. మీ స్కూలాయనే అనుకున్నా."

టీచరు గూట్లోకి సెల్లు లైటు వేశాడు. ఓ పాత స్టూలు. దాని వెనక గోడ.

ఈలోగా అత్తని గూటి పక్కనున్న మైకు దగ్గరికి పిలిచారు. మార్కులతో పాటు మాట ఎన్నిసార్లు అందిందో కూడా పైకి చదవాలి. కాయితం మీద ఏడు గీతలు. ఎదురుగా ఆ పిల్ల, కొవ్వొత్తి గుండెలకి అదుముకుని చూస్తోంది. ఎన్నో స్టేజీలెక్కిన మా అత్తకి నోరు పెగల్లేదు. కార్పెంటరూ, టీచరూ ఆవిడ పక్కనే నిలబడి ఉన్నారు...

కాళ్ల కింద, ఎవరో చిన్నగా దగ్గారు.

"మూడే అని చెప్పు తల్లీ..."

నా ఒళ్లు జలదరించింది. "మరి నువ్వేం చేశావత్తా?" అన్నాను.

అత్త నా వైపు చూడలేదు.

"చెప్పేశాను. మాట అందించాక కూడా చెప్పకపోతే ఎలారా?"